నీలి దారం సుమన

మా ఊళ్ళో సీడు పత్తిని మొదట పెట్టింది నేను. అయిజకు నాలుగు మైళ్ళ దూరంలోని మా ఎర్ర చెలకల్లో కందులు, ఆముదాలు తప్ప మరొకటి పండదని అందరూ అనుకునే రోజుల్లో, ఎకరన్నరలో ఆడ సాళ్ళు, పక్కనే మగ సాళ్ళు నాటించి, పూవుకు పూవు కలిపి విత్తనం తీసి చూపించాను. కిందటేటి దాకా ఇరవై రెండేళ్ళలో నా విత్తనం ఒక్కసారి కూడా పరీక్షలో తప్పలేదు. ఇది నా నోటి మాట కాదు, కంపెనీ వాళ్ళ కాగితాల్లో ఉంది. చదివింది ఏడో తరగతి, అదీ ఊరి బడిలోనే. అయినా గద్వాల తాలూకా పిల్లలందరికీ పెట్టిన చేతిరాత పోటీలో మొదటి బహుమతి నాదే. అప్పుడిచ్చిన సిరా పెన్ను ఇప్పటికీ బీరువాలో ఉంది. రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచాను. తుంగభద్ర పొంగి రాజోలి మునిగిన ఏడు మా ఊరి నుంచి మూడు రోజుల పాటు బువ్వ వండించి ట్రాక్టరు మీద పంపించాను. అన్నదమ్ముల తగాదాలు, ఆలుమగల తగాదాలు, గట్టు తగాదాలు అన్నీ కలిపి నలభై మూడు తెంపాను.

ఇంత చేసిన ఈ ఈరన్న తన ఇంట్లో చిన్న కోడలి కోపాన్ని మాత్రం తొమ్మిదేళ్ళు ఏమీ చేయలేకపోయాడు. వనపర్తిలో ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె ఏడు నెలల్లో దాన్ని దారికి తెచ్చింది. ఆ సంగతి నాకు ఎంత మండిందో ఎవరికీ చెప్పలేదు. సుమన గురించి రాయడానికి కూర్చున్నాను కాబట్టి అది కూడా దాచకుండా రాస్తాను.

ముందు క్రాసింగ్ పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. రేపు విచ్చుకోబోయే ఆడ మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకోవాలి. బొటనవేలి గోటితో రేకులనూ లోపలి పుప్పొడినీ ఒక్క ఒడుపుతో ఊడదీసి, మిగిలిన దానికి ఎర్ర కాగితం తొడుగు వేయాలి. మర్నాడు పొద్దున మగ పూవును తెచ్చి దానికి రుద్దాలి. ఒక్క మొగ్గను వలవడం మరిచిపోయామా, అది పొద్దునకు నిండుగా విచ్చుకుని తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. అలాంటి కాయ విత్తనంలో కలిస్తే మొత్తం సరుకు కల్తీ కిందే లెక్క. అందుకని మరిచిపోయిన పూవు కనిపిస్తే మధ్యాహ్నం లోపల తెంపి పారేయాలి. రెండు నెలలు ఒక్క పూట ఆపకుండా ఈ పని సాగుతుంది.

నా పొలంలో రెండు పద్ధతులు నేనే పెట్టాను. ఒకటి, మనిషికొక దారం. మొగ్గ వలిచిన మనిషి తన రంగు దారం దాని తొడిమకు కట్టాలి. పెద్ద కోడలు సాయమ్మది పసుపు, సుమనది నీలం, నాది తెలుపు. ఏ మొగ్గ ఎవరి చేతిదో అడగక్కరలేదు. రెండోది, పేరు పిలుపు. పని ఏదైనా, విత్తనాలు పెట్టే నాడైనా, కలుపు నాడైనా, క్రాసింగ్ నాడైనా, సాయంత్రం గట్టు మీద నిలబడి ఆ రోజు అందరికంటే బాగా చేసినవాళ్ళ పేర్లు మొదటిది, రెండోది గట్టిగా పిలుస్తాను. చుట్టుపక్కల చేలకు కూడా వినపడేంత గొంతు నాది. మనుషులకు హుషారు రావాలని పెట్టిన పద్ధతి అది. మొదటి పేరు ఎప్పుడూ సాయమ్మ. రెండోది ఎప్పుడూ సుమన.

సుమన బిజినేపల్లి దగ్గర పల్లెలో పుట్టింది. తండ్రి లింగయ్య కౌలు రైతు. చిన్నప్పుడే ఆ పిల్లకు సంతోషం వచ్చినా ఏడుపు వచ్చినా ఇల్లు నిండేదట. ఐదో తరగతిలో తన పక్కన కూర్చునే స్నేహితురాలు మరో బెంచీకి మారితే మూడు రోజులు అన్నం ముట్టలేదు, ఆ పిల్ల నోటుబుక్కు చించింది. ఇంట్లో వాళ్ళు నాటకాలు ఆపు అనేవాళ్ళు. ఎంత గట్టిగా ఏడిస్తే అంత గట్టిగా అనేవాళ్ళు. కానీ అదే పిల్ల నాగర్‌కర్నూల్‌లో జరిగిన ఖోఖో పోటీల్లో బడిని గెలిపించి కప్పు తెచ్చింది. పదో తరగతి పాసైంది. ఇరవై ఏళ్ళప్పుడు నా చిన్న కొడుకు మహిపాల్‌కు ఇచ్చి చేశారు. మహిపాల్ వరికోత మిషను నడుపుతాడు. సీజన్ వస్తే నెలల తరబడి ఊరి మీద ఊరు తిరుగుతాడు.

నాకు గుండెనొప్పి వచ్చి గద్వాల దవాఖానలో పడుకున్నప్పుడు నాలుగు రోజులు నా మంచం పక్కన కూర్చుంది సుమన. ఎవరు పొమ్మన్నా పోలేదు. అలాంటి మనిషే సాయమ్మకు నేను ఒక పని ముందు చెప్పానని పప్పు గిన్నె గోడకేసి కొట్టింది. మహిపాల్ ఫోనులో సాయమ్మతో నవ్వుతూ మాట్లాడాడని ఆ ఫోనును బావిలో వేసింది. ఒకసారైతే ఆ కోపంలో పురుగుమందులుండే కొట్టం దాకా పోయింది. సాయమ్మే చెయ్యి పట్టి లాక్కొచ్చింది. మర్నాడు సుమన ఏడుస్తూ నాతో అన్న మాట నేను మరిచిపోలేదు.

"నన్ను బతికించింది గూడ ఆమెనే అయింది మామా. గది గూడ ఆమెకే పోయింది."

నేను చేయవలసినవన్నీ చేశాను. కూర్చోబెట్టి చెప్పాను, కేకలేశాను, మొక్కులు మొక్కించాను, నలభై మూడు తగాదాలు తెంపిన నోటితో బతిమాలాను. నెల రోజులు బాగుండేది. మళ్ళీ మొదలు.

కిందటేడు జూన్‌లో విత్తనాలు పెట్టే నాడు గట్టు మీద పేర్లు పిలిచాను. ఆ మీదట, ఈసారి క్రాసింగ్‌కు మనుషుల మీద పెత్తనం సాయమ్మదే అని చెప్పాను. సుమన చేతిలోని విత్తనాలు అక్కడే వదిలింది. ఇంటికి పోయి నిలువుటద్దాన్ని కుడి చేత్తో గుద్దింది. అరచేతికి పదకొండు కుట్లు పడ్డాయి. మహిపాల్ కోత మిషను వదిలేసి వచ్చి, ఇక తన వల్ల కాదని, పుట్టింట్లో దింపి వస్తానని అన్నాడు.

బిజినేపల్లిలో పంచాయితీ కూర్చున్నాం. లింగయ్య నా చేతులు పట్టుకున్నాడు.

"బావా, వనపర్తిల గిట్లాంటోళ్ళకు క్లాసులు చెప్తరంట. ఆశా కార్యకర్త చెప్పింది. గురువారం గురువారం పోవాలంట. గది ఒక్కటి చూడున్రి. గప్పటికీ మారకుంటే నా బిడ్డె నా ఇంట్లనే ఉంటది."

నేను తీర్పు చెప్పాను. క్లాసులకు పంపిస్తాం. క్రాసింగ్ ముగిసే లోపల ఇంకొక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, సుమన ఏదైనా పగలగొట్టినా, ఎవరి మీదికైనా పోయినా, కొట్టం దిక్కు నడిచినా, ఆ రోజే బిజినేపల్లి బస్సు ఎక్కిస్తాం. మళ్ళీ తీసుకురాము. సుమన తల వంచుకుని విన్నది. కట్టు కట్టిన చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఒకటే మాట అడిగింది.

"అద్దం నాదే గద మామా? నాది నేను పలగ్గొట్టుకున్న. గదీ లెక్కకొస్తదా?"

"వస్తది" అన్నాను.

మహిపాల్ మిషను మీద పోవాలి కాబట్టి వనపర్తికి తోడు నేను పోవలసి వచ్చింది. అయిజలో ఏడింటికి బస్సెక్కి, గద్వాలలో మారి, పదిన్నరకు చేరేవాళ్ళం. మేడ మీద ఒక పొడుగాటి గది. అక్కడ చెప్పే ఆమె పేరు ఇరమ్. వనపర్తి పిల్లే, బెంగళూరులో చదువుకుని వచ్చింది. డాక్టరమ్మా అంటే నేను డాక్టరును కాదు తాతా అంటుంది. ఆ వైద్యం పేరు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. మూడుసార్లు చెప్పించుకుని రాసుకున్నాను. కోపం, దుఃఖం, కుళ్ళు ఉప్పెనలా వచ్చి మనిషిని ఈడ్చుకుపోయేవాళ్ళకు అది పనికొస్తుందట. మందు బిళ్ళలు లేవు. వారానికొకసారి ఏడుగురు కలిసి క్లాసు, తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట. క్లాసులో నేర్పేవి నాలుగు పాఠాలు. ఉన్న చోట ఉన్నట్టు ఉండటం, తట్టుకోవడం, లోపల లేచినదాన్ని పేరు పెట్టి పట్టుకోవడం, కావలసినది మనుషులను సరిగ్గా అడగడం. ప్రతి రోజూ ఒక కార్డు నింపాలి. కోపం ఎంత, ఏడుపు ఎంత, కుళ్ళు ఎంత, సున్నా నుంచి ఐదు దాకా. మరీ ఆగకపోతే ఏ వేళనైనా ఇరమ్‌కు ఫోను చేయవచ్చు.

మొదటి రోజే నేను అడిగాను.

"బిడ్డా, నలభై మూడు పంచాయితీలు తెంపిన మనిషిని నేను. నాతోని కానిది నీతోని ఎట్లయితది?"

ఇరమ్ నవ్వింది. "మీరు తీర్పు చెప్తరు తాతా. నేను చెప్పను. సుమన ఇప్పుడు తనకు చాతనైనంత చేస్తున్నది. ఇంకా బాగ చెయ్యడం గూడ నేర్వాలె. రెండూ నిజమే."

"రెండూ నిజమెట్లయితయి? ఏదో ఒకటుండాలె గద."

"అదే ఈ వైద్యం తాతా" అంది.

ఆ గది బయట బెంచీ మీద రెండు గంటలు కూర్చోవాలి. లోపల సుమన నవ్వు వినపడేది. మా ఇంట్లో తొమ్మిదేళ్ళలో నేను వినని నవ్వు అది. ఆమెకు ఏ కష్టం వచ్చినా మొన్నటి దాకా మామా అని నా దగ్గరకు వచ్చేది. ఇప్పుడు ఫోను తీసుకుని చింతచెట్టు కిందికి పోయి మేడమ్ మేడమ్ అంటున్నది. నా మాట చెవిన పెట్టని మనిషి ఆ పిల్ల పదిసార్లు గాలి పీల్చమంటే పదిసార్లు పీలుస్తున్నది. నాకు కళ్ళల్లో కారం కొట్టినట్టుండేది. బస్సులో అడిగేవాణ్ణి.

"ఏం జెప్పిందంట మీ మేడమ్?"

"చన్నీళ్ళల్ల ముఖం పెట్టి ఊపిరి బిగబట్టమంది మామా. ముప్పై లెక్కపెట్టేదాంక. గుండె దడ తగ్గుతదంట."

"గింత దానికి వనపర్తి దాంక పోవాల్నా? నేనే చెప్పేటోణ్ణి గద!"

"మరి చెప్పకపోతివి" అంది సుమన కిటికీలోంచి చూస్తూ.

అసలు చిక్కు కార్డుల దగ్గర వచ్చింది. సుమన కుడి చేతికి కట్టు. రాయలేదు. చేతిరాతలో తాలూకా మొదటివాణ్ణి నేను ఉండగా మరొకరితో రాయించడమేమిటి? నేనే రాస్తానన్నాను. కార్డు కాకుండా గొలుసు కాగితం అని ఇంకోటి ఉండేది. కోపం కట్టలు తెగిన రోజున దాని మీద వరసగా గడులు నింపాలి. మొదట ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏ మాట వచ్చింది, ఒంట్లో ఎక్కడ పట్టింది, ఏం చేసింది, తర్వాత ఏమైంది.

అద్దం పగిలిన రోజు గురించి ఆమె చెబుతుంటే నేను రాశాను.

"మొదటి గడిల ఏం రాయాలె?"

సుమన నా చేతిలోని పెన్ను వైపు చూసింది. "రాస్తవా మామా? కోపం చెయ్యవు గద?"

"చెప్పు. రాసుడు నా పని."

"మామ గట్టు మీద నిలబడి సాయమ్మ పేరు మొదలు పిలిచిండు."

రాశాను. పప్పు గిన్నె రోజుది కూడా రాయమని ఇరమ్ చెప్పిందట. దాని మొదటి గడిలో ఏముంది? సాయమ్మను చూసి నేర్చుకో అని మామ అందరి ముందర అన్నాడు. కొట్టం రోజుది. సాయమ్మ లేకుంటే ఈ ఇల్లు నడవదని మామ చుట్టాలతో అన్నాడు. మూడు కాగితాలు. మూడింటి మొదటి గడిలో నా చేతిరాతతో నా పేరు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

ఆ గురువారం ఇరమ్‌ను నిలదీశాను.

"అంటే రోగం నేనా?"

"మీరు రోగం గాదు తాతా. ఒక గడి మాత్రమే. మీరు మంచికే పిలిచిండ్రు. అది ఆమెకు తగిలింది."

"మళ్ళ రెండూ నిజమంటవు!"

"అంట" అంది.

కోపంతో తర్వాతి వారం కార్డు గీకినట్టు రాశాను. అది చూసి ఇరమ్, తాతకు ఒంట్లో బాగలేదా అని సుమనను అడిగిందట. మళ్ళీ బాగా రాయడం మొదలుపెట్టాను. పేరు పిలుపు మాత్రం మానలేదు. ఇరవై రెండేళ్ళ పద్ధతిని గడుల కాగితం చూసి మానేస్తారా ఎవరైనా?

ఆగస్టు చివర క్రాసింగ్ మొదలైంది. సుమన చెయ్యి నయమైంది. పొద్దున పూట వనపర్తి పోయే రోజు ఆమె సాళ్ళు సాయమ్మ చూసేది. పొలంలో స్ప్రేయరుకు నీళ్ళు నింపే డ్రమ్ము పక్కన, మంచి నీళ్ళకు ఇంకొక డ్రమ్ము ఉంటుంది. నేను సాయంత్రం పేర్లు పిలవగానే సుమన గబగబా పోయి ఆ మంచినీళ్ళ డ్రమ్ములో ముఖం ముంచేది. పనివాళ్ళలో తిరుపతమ్మకు నోటి దురుసు ఎక్కువ.

"ఏందే సుమనా, డ్రమ్ముల ఎవలున్నరు? మహిపాలా?"

"కాదు అత్తా, నీ మొగుడు. నిన్ను తప్పిచ్చుకొని దాక్కున్నడు" అని ముఖం తుడుచుకుంటూ సుమన అంటే అందరూ విరగబడి నవ్వారు. అంతకు ముందు సంవత్సరమైతే ఆ మాటకు తిరుపతమ్మ జుట్టు చేతిలోకి వచ్చేది.

ఇంకొక పని కూడా ఇచ్చిందట ఇరమ్. కుళ్ళు వచ్చినప్పుడు అది చెప్పేదానికి ఎదురు పని చేయాలి. అది సాయమ్మను తిట్టమంటే, సాయమ్మలో నిజంగా ఉన్న మంచిని రోజుకొకటి ఆమెతోనే అనాలి. అబద్ధం చెప్పకూడదు. సుమన ఆ పని చేయడం నేను విన్నాను. పళ్ళు కరిచి పట్టుకున్నట్టుంది గొంతు.

"అక్కా, నీ చెయ్యి మంచిగ నడుస్తది. మొగ్గ చిదుగదు."

సాయమ్మ దారం కట్టడం ఆపి చూసింది. "జరం గిట్ల వచ్చిందా నీకు?"

"రాలే."

"మరేందే? గట్ల సూస్తుంటే భయమైతుంది నాకు."

"నాకు గూడ భయమైతుంది అక్కా" అంది సుమన. ఇద్దరికీ నవ్వు వచ్చింది. నాకు మాత్రం రాలేదు. నా ఇద్దరు కోడళ్ళను నవ్వించింది నేను కాదు, వనపర్తిలో కూర్చున్న ఇరమ్.

ఒక సోమవారం సాయంత్రం మహిళా సంఘం మీటింగని సాయమ్మ ముందే వెళ్ళిపోయింది. ఆమెవి రెండు సాళ్ళు మిగిలాయి. మర్నాడు పొద్దున కంపెనీ మనిషి చూడటానికి వస్తున్నాడు. ఒక సాలు సుమనకు చెప్పాను. రెండోది నేనే చేస్తానన్నాను.

"పొద్దు గూకుతుంది మామా. కండ్లకు ఆనుతదా?" అని అడిగింది సుమన.

"నువ్వు చిన్న బడికి పోయేనాటి సంది వలుస్తున్న మొగ్గలు. నీ సాలు నువ్వు చూసుకో" అన్నాను. ఆమె కంటే ముందే ముగించి గట్టెక్కాను కూడా.

మంగళవారం పొద్దున తొమ్మిదికి కంపెనీ మనిషి వచ్చాడు. పనివాళ్ళందరూ మగ పూలు గిన్నెల్లో పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మహిపాల్ కూడా ముందు రోజు రాత్రే ఊరు చేరి, పొలానికి వచ్చాడు. కంపెనీ మనిషి చేను మొత్తం తిరిగి ఆ రెండు సాళ్ళ దగ్గర ఆగాడు. ఎర్ర తొడుగుల మధ్యన అక్కడొకటి ఇక్కడొకటి లేత పసుపు పూలు నిండుగా విచ్చుకుని ఉన్నాయి.

"ఏంది పెద్దయ్యా, నీ చేన్ల గూడ గిట్లనేనా?" అన్నాడు అతను.

ఇరవై రెండేళ్ళలో నన్ను ఎవరూ అనని మాట అది. నా ఒళ్ళు మండిపోయింది. సాళ్ళు సాయమ్మవి. ఒకటి వలిచింది సుమన. రెండోదాంట్లో నా చేతి తప్పు ఉంటుందని తోచనే లేదు. సాయమ్మ పేరు చెడగొట్టడానికే వదిలేసిందని నాకు అనుమానం కూడా రాలేదు, నమ్మకమే కలిగింది.

"సుమనా! నీ కడుపుమంట నా చేను మీద పెట్టినవా? అక్క పేరు ఖరాబ్ చెయ్యాల్నని పూలు వదిలినవా? క్లాసులల్ల గిదేనా నేర్పేది?" అని అరిచాను. పేర్లు పిలిచే గొంతుతోనే అరిచాను. పక్క చేలవాళ్ళు తలెత్తి చూశారు. "మహిపాల్, బిజినేపల్లి పోనీకె బస్సు ఎన్నింటికుందో చూడు!"

మహిపాల్ ఫోను తీశాడు. సుమన చేతిలో మగ పూల గిన్నె ఉంది. స్టీలు గిన్నె. ఆమె పెదవులు తెల్లబడ్డాయి. గిన్నెను పట్టుకున్న చెయ్యి భుజం దాకా లేచింది. తిరుపతమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఆ గిన్నె విసిరితే, నేను చెప్పిన తీర్పు ప్రకారం, అయిపోయినట్టే. నిజం చెబుతున్నాను, విసరాలని నా లోపల ఎక్కడో అనిపించింది. విసిరితే ఇరమ్ ఓడిపోయేది.

చెయ్యి కిందికి దిగింది. గిన్నెను పూలు ఒలకకుండా గట్టు మీద పెట్టింది. తిరిగి చూడకుండా డ్రమ్ము దగ్గరకు నడిచి ముఖం నీళ్ళలో పెట్టింది.  నేను లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. లేచింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ ముప్పై. జుట్టు నుంచి నీళ్ళు కారుతుండగా తిరిగి వచ్చి నా ముందర నిలబడింది. 

"మామా, నాకు మస్తు కోపమొచ్చింది. నువ్వన్నది నిజమో కాదో ముందుగాల చూద్దాం. దారం చూడున్రి."

 సాయమ్మ సాల్లోకి వంగి ఒక తొడుగు కింద చూసింది. ఇంకొకటి చూసింది. ఇంకొకటి. తల ఎత్తింది.

"ఏ రంగు?" అన్నాను.

"తెల్లది మామా" అంది సాయమ్మ, తప్పు తనదే అన్నట్టు.

పక్క సాలంతా నీలి దారం. ఒక్క పూవు మిగిలి లేదు. పూలున్న సాలంతా తెల్ల దారం. అది నా సాలు. పొద్దు గూకే వేళ నా కళ్ళకు ఆనని మొగ్గలు అవి.

ఆ నిమిషంలో నా నోటి దాకా ఒక మాట వచ్చింది. దారాలు మార్చి కట్టిందని అందామనుకున్నాను. అంటే నమ్మేవాళ్ళు కూడా. తొమ్మిదేళ్ళ నుంచి సుమన మీద ఏది చెప్పినా నమ్మే అలవాటు అందరికీ ఉంది. ఆమె నన్నే చూస్తున్నది. కనురెప్పల మీద ఇంకా నీళ్ళున్నాయి. రెండుసార్లు ముప్పై లెక్కపెట్టిన మనిషి ముందు నేను ఒక్కసారి కూడా లెక్కపెట్టకుండా మాట్లాడాను. నోట్లో ఉన్న మాటను మింగాను.

"మహిపాల్, ఫోను జేబుల పెట్టు" అన్నాను.

కంపెనీ మనిషి మంచివాడు. టైముంది గద, తెంపెయ్యున్రి, ఏంగాదు అని వెళ్ళిపోయాడు. నేనే ఆ సాల్లోకి దిగి తెంపాను. కనపడనివి సుమన చూపించింది. ఇరవై మూడు పూలు. 

సాయంత్రం మామూలుగా గట్టు ఎక్కాను. అందరూ దారపు కండెలు సర్దుకుంటూ నా వైపు చూశారు. ఆ రోజు పిలవకుండా దిగిపోదామా అనిపించింది. కానీ గట్టు మీద నిలబడి అందరి పేర్లూ పిలిచిన మనిషి తన పేరు దాచుకుంటే ఆ పద్ధతికి విలువేముంది?

"వదిలేసిన పూలు ఇరవై మూడు!" అన్నాను పొద్దున అరిచిన గొంతుతోనే. పక్క చేల దాకా వినపడాలని. "ఈరన్నవి!"

తిరుపతమ్మ కిసుక్కున నవ్వింది. "మరి గిండ్ల మొదటోనివా, రెండోనివా పెద్దయ్యా?"

అందరూ నవ్వారు. సుమన నవ్వలేదు. గట్టు కిందికి వచ్చి నిలబడింది. ఆమె అన్నవి, కావలసినది అడిగే పాఠంలో నేర్చుకున్న మాటలేనని తర్వాత తెలిసింది. కాగితం మీద ముందే రాసుకుందట, నాతో రాయించకుండా.

"మామా, నువ్వు పేర్లు పిలిచినప్పుడల్ల నాది రెండోది వస్తది. అప్పుడు నాకు కడుపుల మండుతది, అక్క మీద పగ లేస్తది. అక్క తప్పు లేదు. రేపటి సంది పేర్లు పిలవకు. పిలవకుంటే నాకు డ్రమ్ము కాడికి ఉరుకుడు తప్పుతది, పని ఇంక బాగ చేస్త."

"ఇరవై రెండేండ్ల పద్ధతి బిడ్డా గది" అన్నాను.

"తెలుసు మామా. మంచిదే. నాకు కష్టమైతది."

రెండూ నిజమే అనలేదు ఆమె. అనకపోయినా నాకు ఇరమ్ గొంతే వినపడింది. రేపు చూద్దాం అని దిగిపోయాను. మర్నాడు సాయంత్రం గట్టెక్కలేదు. ఆ మర్నాడు కూడా ఎక్కలేదు. నాలుగో రోజు సాయమ్మ నా దగ్గరకు వచ్చి మెల్లగా ఒక మాట చెప్పింది. "మంచిగైంది మామా. మొదటి పేరు నాదే రావాలని నాకు గూడ పొద్దంతా పరేషానుండె." ఇన్నేళ్ళలో ఆమె నాతో ఎప్పుడూ ఆ మాట అనలేదు.

క్రాసింగ్ ముగిసింది. సుమనను పుట్టింటికి పంపాల్సిన పని రాలేదు. మధ్యలో ఒకసారి చింతచెట్టు కింద గంటసేపు ఏడ్చింది, ఇంకోసారి మహిపాల్ మీద కేకలేసి, మళ్ళీ తనే పోయి మాట్లాడింది. ఏదీ పగలలేదు. లింగయ్యకు ఫోను చేసి నా తీర్పు గడువు అయిపోయిందని చెప్పాను.  మన బడికి ఇంకో కప్పు తెచ్చిందన్న మాట బావా అన్నాడు చివరికి, ముక్కు చీదుకుంటూ. విత్తనం పరీక్షలో నెగ్గింది. ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. ఆ అంకె మంచి మాటకు కూడా వచ్చినందుకు నాకు కొంత ఊరట.

మొన్నటి గురువారం వనపర్తిలో క్లాసు మొదటి విడత ముగిసింది. ఇరమ్ గది బయటికి వచ్చి, కంపెనీ మనిషి వచ్చిన రోజు సంగతి సుమన చెప్పిందని, అలా నిలబడటం క్లాసులో ఇంకెవరికీ రాలేదని నాతో అంది. సుమన మీద చెయ్యి వేసి మరీ అంది. పద్ధతి మానింది నేను, గట్టు మీద నా తప్పు నేనే పిలిచాను, దాని గురించి ఒక్క ముక్క లేదు. లోపల అదే పాత మంట. బస్సు ఎక్కే ముందు వెనక్కి పోయి, ఒక ఖాళీ గొలుసు కాగితం ఇవ్వమన్నాను.

"ఎవరికి తాతా?"

"ఊరికెనే. ఇంట్ల ఉంటది" అన్నాను.

గద్వాల దాటాక ఒళ్ళో సంచీ పెట్టుకుని, దాని మీద కాగితం పరుచుకుని మొదటి గడి నింపాను. ఇరమ్ సుమనను మెచ్చుకుంది, నన్ను మెచ్చుకోలేదు. కార్డు మీద లాగే, కుళ్ళు ఎంత అని పక్కన నాలుగు వేశాను. బస్సు కుదుపులకు కూడా అక్షరం వంకర పోలేదు. సుమన తొంగి చూసింది. దాచే లోపలే చదివింది.

"నీ చేతిరాత ఎంత మంచిగున్నది మామా" అంది.

నేను ఆమె ముఖంలోకి చూశాను. "గిది మీ మేడమ్ ఇచ్చిన పనా? రోజుకొక్క మంచి మాట?"

 సుమన అయిజ వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుతూనే ఉంది.